ప్లాస్టిక్ స్టాక్ బ్యారెల్‌ను తాకుతుంటే గాడిని అరగదీయవచ్చా?

ఇసుక సంచి మీద ఆనించి కాలిస్తే తూటాలు ఒక చోట, చేతికి స్లింగ్ (రైఫిల్‌కు కట్టిన పట్టీ) బిగించి పడుకుని కాలిస్తే ఎడమకు పడుతున్నాయని, మీ కొత్త .22 రైఫిల్ స్టాక్‌లో (బ్యారెల్‌ను మోసే, చేత్తో పట్టుకునే చట్రం) బ్యారెల్ కూర్చునే గాడిని అరగదీస్తే సరిపోతుందా అని అడిగారు. అరగదీయవచ్చు. కానీ అంతకంటే ముందు ఆ స్టాక్ వంగకుండా చేయాలి. నేను ఈ క్రమం తెలియక ఒక సీజన్ పోగొట్టుకున్నాను.

నేను కర్నూలులో ఉంటాను, సాధనకు గచ్చిబౌలి రేంజ్‌కు వెళ్తాను. రానూపోనూ నాలుగు వందల కిలోమీటర్లకు పైనే. అంత దూరం వెళ్లి పడుకుని కాలిస్తే ప్రతి తూటా దాదాపు 18 మిల్లీమీటర్లు ఎడమకు పడేది. 50 మీటర్ల టార్గెట్‌లో పది పాయింట్ల వలయం వ్యాసమే 10.4 మిల్లీమీటర్లు! తప్పు నా ఊపిరిదే అనుకుని నెలల తరబడి దాన్నే దిద్దుకున్నాను.

స్టాక్ బ్యారెల్‌ను తాకుతోందేమో చూడటానికి అందరూ చెప్పే నోటు పరీక్ష నేనూ చేశాను. పది రూపాయల నోటును బ్యారెల్ కింద దూర్చి లాగితే స్టాక్ కొన నుంచి రిసీవర్ (బ్యారెల్ వెనక బోల్ట్ ఉండే లోహపు భాగం) దాకా హాయిగా జారింది. అందుకే స్టాక్ మీద అనుమానం రాలేదు. చివరికి ఒక రోజు బోల్ట్, మ్యాగజైన్ తీసేసి, ఛాంబర్ (తూటా కూర్చునే గది) ఖాళీగా ఉందని రెండుసార్లు చూసుకుని, బ్యారెల్‌కు పలుచగా కాటుక రాశాను. స్లింగ్ బిగించి, పోటీలో ఉన్నట్టే పది నిమిషాలు పడుకున్నాను. విప్పి చూస్తే గాడి కుడి గోడ మీద, కొనకు నాలుగు వేళ్ల దూరంలో, చింతగింజంత నల్ల మచ్చ. స్లింగ్ స్టాక్ ముందు భాగాన్ని ఎడమకు లాగుతోంది, కుడి గోడ వచ్చి బ్యారెల్‌ను అటే నెడుతోంది. బల్ల మీద తీరిగ్గా ఉన్న రైఫిల్‌లో ఇది ఎప్పటికీ కనిపించదు.

ఫ్యాక్టరీ ప్లాస్టిక్ స్టాక్ ముందు భాగం లోపల బోలుగా ఉంటుంది, అడ్డంగా పలుచని పలకలు మాత్రమే ఉంటాయి. అరగదీస్తూ పోతే గోడ ఇంకా పలుచబడి మరింత వంగుతుంది. అందుకే ఆ పలకలకు గాట్లు పెట్టి, రెండు సన్నని అల్యూమినియం కడ్డీలు పొడవునా పరిచి, గదులన్నీ ఎపాక్సీతో నింపాను. ఈ ప్లాస్టిక్‌కు జిగురు సరిగా అంటదు. ముందు బాగా గరుకు చేసి, చిన్న చిన్న రంధ్రాలు పెడితేనే పట్టు దొరుకుతుంది. ఒక రోజంతా ఆరనిచ్చాను.

ఆ తర్వాతే ఉప్పుకాగితం. బ్యారెల్ మందమే ఉన్న ప్లాస్టిక్ గొట్టం ముక్కకు 80 నంబరు కాగితం చుట్టి, పొడవునా నెమ్మదిగా రుద్ది, చివర 180తో నునుపు చేశాను. చుట్టూ రెండు మిల్లీమీటర్ల సందు వచ్చేదాకా ఆపలేదు. రిసీవర్ కూర్చునే చోటును మాత్రం ఉప్పుకాగితం తాకకూడదు, అక్కడ చెడితే అంతా చెడినట్టే. స్క్రూలను తయారీదారు చెప్పిన టార్క్‌కే (బిగింపు బలానికే) బిగించండి. బ్యారెల్ జోలికి అసలు పోవద్దు. లైసెన్సు లేకుండా దాన్ని కురచ చేయడం 1959 ఆయుధాల చట్టం ప్రకారం నేరం.

మన ఎండ సంగతి కూడా మరవకండి. నా స్టాక్‌లో ఉదయం జారిన నోటు, మే నెల మధ్యాహ్నం నల్ల స్టాక్ వేడెక్కాక స్లింగ్ బిగిస్తే పట్టుకుంది. వేడికి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. అందుకని కుడి గోడను ఇంకొంచెం తీశాను.

ఇప్పుడు సంచి మీదైనా స్లింగ్‌తోనైనా తేడా మూడు, నాలుగు మిల్లీమీటర్లే. అయితే ఐదు తూటాల గుంపు, అంటే ఆ రంధ్రాలు పరుచుకున్న వెడల్పు, దాదాపు మునుపటంతే ఉంది, దానికి సరిపడే తూటాల రకం వెతకాల్సిందే. ఒకవేళ మీది సన్న బ్యారెల్ అయి, పని అయ్యాక గుంపు పెద్దదైతే కంగారు పడకండి. కొన్ని సన్న బ్యారెళ్లకు స్టాక్ కొన దగ్గర కాస్త ఒత్తిడి ఉంటేనే నప్పుతుంది. పాత విజిటింగ్ కార్డు ముక్కలు మడిచి అక్కడ పెట్టి కాల్చి చూడండి.