కెప్టెన్ ప్రైస్ అంటే అంత ఇష్టం ఎందుకు?

ప్రశ్న: మోడర్న్ వార్‌ఫేర్ ఆటల్లో కెప్టెన్ ప్రైస్‌ని అందరూ ఎందుకంత మెచ్చుకుంటారు? నేను మల్టీప్లేయర్ మాత్రమే ఆడాను. టోపీ, గుబురు మీసాలు, చుట్ట తప్ప నాకేమీ ప్రత్యేకంగా కనిపించలేదు.

మల్టీప్లేయర్ మాత్రమే ఆడితే ఎవరికైనా అలాగే అనిపిస్తుంది. అక్కడ ప్రైస్ అంటే ఒక వేషం, ఎవరైనా తగిలించుకుని తిరగొచ్చు. అతనెవరో తెలియాలంటే కథ ఆడాలి, అదీ ఈ వరసలో మొదటిదైన, 2007లో వచ్చిన ‘కాల్ ఆఫ్ డ్యూటీ 4: మోడర్న్ వార్‌ఫేర్’ నుంచి మొదలుపెట్టాలి. ఆ కథ నేను చాలాసార్లు ఆడాను, ఇప్పటికీ కొత్త ఆటల మధ్యలో దాని దగ్గరికే వెళ్తుంటాను, కాబట్టి నాకు అర్థమైనంత చెబుతాను. కథలన్నీ బయటపెట్టేస్తున్నాను, ముందే తెలిసిపోవడం ఇష్టం లేనివాళ్లు ఇక్కడే ఆగిపోండి.

నన్నడిగితే కారణం ఇది: ఆ ఆటలో మనం ప్రైస్ మాట వింటాం. చాలాసేపు అతని వెనకాల నడవడమే మన పని. ఆగమంటే ఆగుతాం, కాల్చమంటే కాలుస్తాం, ఎందుకని అడగడానికి మన పాత్రకి మాటే ఉండదు. అలా గంటల తరబడి ఒకడి మాట విని ప్రాణాలతో బయటపడ్డాక అతని మీద నమ్మకం దానంతటదే కుదురుతుంది. తర్వాతి ఆటలు ఆ నమ్మకాన్ని ఎక్కడిదాకా తీసుకెళ్లాయన్నది చూస్తేనే ప్రైస్ అర్థమవుతాడు.

మొదట్లో మనం సోప్ మాక్‌టావిష్. బ్రిటిష్ సైన్యపు ప్రత్యేక దళం ఎస్‌ఏఎస్‌లో అప్పుడే చేరిన కుర్రాడు. క్రెడెన్‌హిల్‌లోని శిక్షణ స్థావరంలో ప్రైస్ పరిచయమవుతాడు, అదీ సోప్ అనే పేరేంటని ఆటపట్టిస్తూ. ఆ వెంటనే బేరింగ్ జలసంధిలో తుఫాను మధ్య ఒక సరుకు ఓడ మీద దాడి. ఓడ మునిగిపోతుంటే పరిగెత్తి హెలికాప్టర్ మీదకి దూకుతాం, పట్టు జారుతుంది, ప్రైస్ చెయ్యి అందుకుని పైకి లాగుతాడు. దాని గురించి అతనేమీ పెద్దగా మాట్లాడడు, ఆట కూడా అక్కడ ఆగదు. కానీ నాకు ప్రైస్ మీద గురి కుదిరింది ఆ క్షణంలోనే.

ఇక చాలామందికి గుర్తుండిపోయిన మిషన్ ‘ఆల్ గిల్లీడ్ అప్’. కథ వెనక్కి, 1996కి వెళ్తుంది. ప్రైస్ అప్పటికి కెప్టెన్ కాదు, లెఫ్టినెంట్. ఇక్కడ మనం ఆడేది ప్రైస్‌గానే, ముందు నడిచేది కెప్టెన్ మాక్‌మిలన్. చోటు ప్రిప్యాత్, చెర్నోబిల్ రియాక్టర్ పక్కన ఉన్న ఊరు. నిజంగా 1986 ఏప్రిల్ 26న ప్రమాదం జరిగితే మర్నాడు ఊరంతా ఖాళీ చేయించారు, సుమారు 49 వేల మంది. మే 1న తెరవాల్సిన వినోద పార్కు, అందులోని జెయింట్ వీల్ అలాగే ఉండిపోయాయి. ఆట ఆ జెయింట్ వీల్‌ని తీసుకుని ఊరికే వెనకాల బొమ్మలా పెట్టలేదు. దీని కొనసాగింపుగా వచ్చే మిషన్ చివర మనం ప్రాణాలు నిలుపుకోవాల్సింది దాని దగ్గరే.

ఈ మిషన్‌లో గొప్పదనమంతా కాల్చకపోవడంలో ఉంది. గడ్డితో కప్పిన గిల్లీ సూట్ వేసుకుని బోర్లా పడుకుని ఉంటాం, ఎదురుగా సాయుధ వాహనాలు, వాటి చుట్టూ వరసగా సైనికులు మన మీదకే నడిచి వస్తుంటారు. కదలొద్దని మాక్‌మిలన్ అంటాడు. బూట్లు మన పక్క నుంచే దాటుకుని వెళ్తాయి. షూటర్ ఆటల్లో అప్పటిదాకా అలవాటైనదంతా ట్రిగ్గర్ నొక్కమనే చెబుతుంది, ఇక్కడ నొక్కితే చావే. నాకు అక్కడ టెన్షన్‌తో కంట్రోలర్ మీద వేళ్లు బిగుసుకుపోయేవి, ఎన్నిసార్లు ఆడినా ఆ భాగంలో అదే పరిస్థితి. ఇంకోచోట కుక్క ఒకటి శవాన్ని తింటుంటుంది. దాని జోలికి పోకు అంటాడు. వినకుండా కాలిస్తే మంద మొత్తం మీద పడుతుంది. అలాగని ప్రతిదీ ఆజ్ఞ కాదు. ఒంటరి కాపలావాడు కనిపించినప్పుడు చంపాలో వదిలెయ్యాలో నీ ఇష్టం అని మనకే వదిలేస్తాడు. చంపకుండా వదిలేసి పక్క నుంచి జారుకున్నప్పుడు వచ్చే తృప్తి వేరు.

తర్వాతి భాగంలో ఆ ఆటలోని ప్రధాన విలన్ ఇమ్రాన్ జఖాయెవ్ మీద గురి. పెద్ద బారెట్ స్నైపర్ తుపాకీ, చాలా దూరం, గాలి ఎటు వీస్తోందో తెలియడానికి అక్కడో జెండా ఉంటుంది, దాన్ని గమనిస్తూ వేచి ఉండాలి. భూమి తిరగడం వల్ల తూటా దారి మారుతుందన్న సంగతి కూడా మాక్‌మిలన్ చెబుతాడు. తూటా తగిలి జఖాయెవ్ చెయ్యి ఎగిరిపోతుంది, చచ్చాడనే ఇద్దరూ అనుకుంటారు. పారిపోతుంటే హెలికాప్టర్ కూలి మాక్‌మిలన్ కాలు పనిచేయకుండా పోతుంది. అక్కణ్ణించి పాఠం మారిపోతుంది. అప్పటిదాకా మనల్ని నడిపించిన మనిషిని భుజాన వేసుకుని మోస్తాం. శత్రువు వస్తే కింద దించాలి, కాల్చాలి, మళ్లీ ఎత్తుకోవాలి. మోస్తున్నప్పుడు కాల్చలేం, వేగంగా పరిగెత్తలేం. ఒక ఆట ఇంతకన్నా బాగా బాధ్యత అనే మాటకి బరువు ఇవ్వడం నేను చూడలేదు. అన్నిటికన్నా పైదైన వెటరన్ స్థాయిలో ఆ జెయింట్ వీల్ దగ్గర హెలికాప్టర్ వచ్చేదాకా నిలబడటం మాత్రం మామూలు కష్టం కాదు. ముందే క్లేమోర్లు అనే మందుపాతరలు సరైన దారుల్లో పెట్టుకోకపోతే ఇక అంతే.

అంటే ప్రైస్ ఎలా తయారయ్యాడో మనం అతని ఒంట్లో ఉండి నేర్చుకున్నాం. అందుకే ఆ తర్వాత అతను ఎవరికి ఆజ్ఞ ఇచ్చినా మనకి మాక్‌మిలన్ గొంతు వినిపిస్తుంది.

2007 ఆట చివర వంతెన మీద అందరూ గాయపడి పడి ఉంటారు. జఖాయెవ్ మనవాళ్లని ఒక్కొక్కరినీ కాలుస్తూ వస్తుంటే ప్రైస్ తన ఎం1911 పిస్టల్‌ని నేల మీద సోప్ వైపు జరుపుతాడు. ఆ పిస్టల్‌ని కాస్త గమనించండి, మూడు ఆటల ప్రయాణం దానికుంది. 2009లో వచ్చిన మోడర్న్ వార్‌ఫేర్ 2లో సోప్ బృందం రష్యాలోని గులాగ్ అనే జైలు మీద దాడి చేసి 627వ నంబరు ఖైదీని బయటికి తెస్తుంది, అతను ప్రైసే. సోప్ అదే పిస్టల్‌ని తిరిగి ఇచ్చేస్తాడు. 2011 ఆటలో ప్రాగ్‌లో సోప్ చనిపోయినప్పుడు ప్రైస్ దాన్ని అతని గుండెల మీద పెట్టి వెళ్లిపోతాడు. పెద్ద పెద్ద సంభాషణలేవీ లేకుండా ఒక వస్తువుతో ఇద్దరి బంధం మొత్తం చెప్పేశారు. వాళ్లు ఒకరికొకరు ఏమవుతారో నాకైతే వేరే మాటల్లో చెప్పడం కుదరదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. 2009 ఆటలో ‘కంటింజెన్సీ’ అనే మిషన్ ఉంది. మనం ఆడేది రోచ్ అనే సైనికుడిగా, ముందు ప్రైస్, చుట్టూ మంచు అడవి. కాపలా దళాలు వస్తుంటే ఆగు, వాళ్లని పోనీ, ఆ చివరివాడు నీకు, వీడు నాకు... అచ్చంగా ప్రిప్యాత్‌లో మాక్‌మిలన్ నడిపినట్టే నడిపిస్తాడు. మనకి ఆ పద్ధతి అలవాటే, హాయిగా వెనక వెళ్తాం. రష్యన్ స్థావరంలోని జలాంతర్గామిలోకి అతను వెళ్లేదాకా కాపు కాస్తాం. లోపలికి వెళ్లిన ప్రైస్ అణు క్షిపణిని ప్రయోగిస్తాడు. రేడియోలో సహచరుడు ఘోస్ట్ గగ్గోలు పెడుతుంటాడు, ప్రైస్ జవాబివ్వడు. అది వాషింగ్టన్ మీద, చాలా ఎత్తులో పేలుతుంది, ఆ విద్యుదయస్కాంత తాకిడికి విమానాలు, హెలికాప్టర్లు రాలిపోతాయి. అమెరికా మీద దండెత్తిన రష్యన్ సేనకి అది దెబ్బే, కానీ అంతరిక్ష కేంద్రం బయట తేలుతున్న వ్యోమగామి కూడా ఆ పేలుడుకి బలైపోతాడు, అదీ అతని కళ్లతోనే మనకి చూపిస్తారు. ఆయిల్ బావి మంటని ఇంకా పెద్ద పేలుడుతో ఆర్పుతారు కదా అని ప్రైస్ అంతకుముందే పై అధికారి, అమెరికన్ జనరల్ షెపర్డ్‌తో వాదిస్తాడు. అంటే ఆవేశంలో చేసిన పని కాదది. ఆలోచించే చేశాడు. ఎవరినీ అడగలేదు, మననీ అడగలేదు.

మొదటిసారి ఆడినప్పుడు ఆ మిషన్ అయ్యాక నేను ఆట ఆపి చాలాసేపు కూర్చుండిపోయాను. నమ్మిన మనిషి అలా చేశాడన్నది ఒకటి, దానికి దారి పొడుగునా కాపలా కాసింది నేనేనన్నది ఇంకొకటి. ప్రైస్‌ని మంచివాడనో చెడ్డవాడనో ఒక గాటన కట్టేసి ఉంటే నాకు ఇన్నేళ్లు గుర్తుండేవాడు కాదు. ఒక మాట చెప్పాలి, ‘ఆల్ గిల్లీడ్ అప్’ రూపొందించిన మొహమ్మద్ అలావీయే ఇదే 2009 ఆటలో విమానాశ్రయ మారణహోమం ఉన్న ‘నో రష్యన్’ మిషన్ కూడా రూపొందించాడు. అక్కడ మనం మకరోవ్ అనే రష్యన్ ఉగ్రవాది వెనక నడవాలి, సామాన్య జనం మీద కాల్చకుండానే దాటొచ్చు కానీ ఆపడం మాత్రం మన చేతిలో ఉండదు. ఒకరి వెనక నడవడమంటే ఏమిటన్న ప్రశ్న ఈ రెండు మిషన్లలోనూ ఉంది, రెండు కొసల నుంచి.

2011 ఆట చివరి మిషన్‌లో మళ్లీ మనం ప్రైసే. అరేబియా ద్వీపకల్పంలోని ఒక హోటల్‌లో మకరోవ్‌ని వెంటాడి ఉరి తీసేదాకా వెళ్తాం. ప్రిప్యాత్‌లో ఓపిక నేర్చుకున్న మనిషి ఇక్కడ ఎదురు తూటాలకి అడ్డంగా నడుచుకుంటూ పోతాడు. ఆట ఆ తేడాని నోటితో చెప్పదు, కంట్రోలర్ పట్టుకున్నవాళ్లకి అదే తెలుస్తుంది.

2019లో కథని కొత్తగా మొదలుపెట్టారు. పాత ప్రైస్‌కి గొంతు ఇచ్చినది బిల్లీ ముర్రే, కొత్తవాడికి బ్యారీ స్లోన్. నాకు ముర్రే గొంతే ఎక్కువ ఇష్టం, కానీ స్లోన్ నటన తీసిపారేసేది కాదు. ఇందులో ‘క్లీన్ హౌస్’ అనే మిషన్ తప్పకుండా ఆడండి. లండన్‌లో ఒక ఇంట్లోకి రాత్రిపూట, నైట్ విజన్‌తో, అంతస్తు తర్వాత అంతస్తు. ఎవరి చేతిలో ఏముందో చూసుకుని అరక్షణంలో తేల్చుకోవాలి, పసిబిడ్డని ఎత్తుకున్న తల్లి కూడా ఎదురవుతుంది. సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో జరిగే ‘ఓల్డ్ కామ్రేడ్స్’లో ఒక ఉగ్రవాదితో మాట్లాడించడానికి ప్రైస్ అతని భార్యనీ కొడుకునీ తెప్పిస్తాడు. ఈసారి మాత్రం మనల్ని అడుగుతాడు, వస్తావా, బయటే ఉంటావా అని. బయటే ఉండిపోవచ్చు. 2009లో అడగని ప్రశ్నని పదేళ్ల తర్వాత ఆట అడిగిందని నాకనిపించింది. 2023 ఆటలో సోప్ చావు మాత్రం హడావుడిగా కానిచ్చేశారు, దాని గురించి ఎక్కువ రాయాలని లేదు.

కొందరు నిజం ఎస్‌ఏఎస్‌లో ఇలాగే ఉంటుందా అని కూడా అడుగుతుంటారు. 1941లో ఉత్తర ఆఫ్రికాలో డేవిడ్ స్టర్లింగ్ మొదలుపెట్టిన దళం అది, 1980 మే 5న లండన్‌లోని ఇరాన్ రాయబార కార్యాలయం మీద చేసిన దాడితో లోకానికి తెలిసింది. ఆ నల్ల దుస్తులు, గ్యాస్ మాస్కుల ఛాయలు ఆటల్లో కనిపిస్తాయి. కానీ 1996లో లెఫ్టినెంట్‌గా ఉన్నవాడు 15 ఏళ్ల తర్వాత కూడా కెప్టెన్‌గానే ఉండటం నిజం సైన్యంలో అరుదు, అప్పటికి మామూలుగా మేజర్ అయి ఉండాలి. కథకి కెప్టెన్ అన్న పిలుపు కావాలి, అందుకే ఉంచేశారు, నాకు దానితో పేచీ లేదు.

మీరు మొదలుపెడితే 2007 ఆటకి 2016లో వచ్చిన రీమాస్టర్ తీసుకోండి, బొమ్మ బాగుంటుంది, మిషన్లు అవే. తర్వాత 2020లో వచ్చిన మోడర్న్ వార్‌ఫేర్ 2 క్యాంపెయిన్ రీమాస్టర్, ఆపై 2011 ఆట, ఆ తర్వాతే 2019ది. మొదటిసారికి రెగ్యులర్ స్థాయి చాలు. సబ్‌టైటిల్స్ పెట్టుకోండి, ఆ యాసలో రేడియో మాటలు అన్నీ అందవు, అవి అందకపోతే సగం కథ పోతుంది. ప్రిప్యాత్ మిషన్ మాత్రం రాత్రిపూట హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ఫోన్ పక్కన పడేసి, ఒక్క ఊపులో ఆడండి. అది ఆడాక కూడా ప్రైస్ అంటే టోపీ, మీసాలే అనిపిస్తే ఇక్కడే కింద రాయండి, మాట్లాడుకుందాం.