పార్కులో క్లాసులు పెట్టే ముందు

చి. అమ్మడికి మావయ్య ఆశీస్సులు.

ఫిట్‌నెస్ ట్రైనర్లు చదివే సర్టిఫికెట్ ఫోర్ కోర్సు పూర్తయిందనీ, సిడ్నీలోని వెంట్‌వర్త్‌విల్‌లో మన ఆడవాళ్లకి పొద్దున్నే పార్కులో వ్యాయామం క్లాసులు పెడుతున్నావనీ మీ అమ్మ గుంటూరు నుంచి ఫోన్ చేసి చెప్పింది. నలభై దాటాక కూడా ఒక్క బరువు ఎత్తి ఎరగని వాళ్ల కోసం నువ్వు నిలబడుతున్నావంటే చాలా గర్వంగా ఉందే. కానీ "ముందు ఐదారుగురితో మొదలెడుతుందిట, పర్మిట్ సంగతి తర్వాతట" అనేసరికి గుండె గుభేలుమంది.

మామూలువి ముందు చెప్పేస్తాను. ఏబీఎన్, అదే వ్యాపారం చేసేవాళ్ల నంబరు, తీసుకో. సీపీఆర్ ఏటా, ఫస్ట్ ఎయిడ్ మూడేళ్లకోసారి మళ్లీ చెయ్యి. క్లాసులో ఎవరికైనా దెబ్బ తగిలితే ఆదుకునే పబ్లిక్ లయబిలిటీ ఇన్సూరెన్స్ 20 మిలియన్ డాలర్లకి ఉండాలి, కౌన్సిళ్లు, అంటే ఇక్కడి మునిసిపాలిటీలు, సాధారణంగా అడిగేది అంతే. పద్దెనిమిదేళ్ల లోపు పిల్లలు చేరితే వర్కింగ్ విత్ చిల్డ్రన్ చెక్, అంటే పిల్లలతో పనిచేయడానికి నేరచరిత్ర తనిఖీ, కావాలి.

ఇక ఈ వృత్తిలో కొత్తవాళ్లు తరచూ చేసే పాత తప్పు, "కొద్దిమందే కదా, ఎవరడుగుతారు" అనుకోవడం. మనముండే రాష్ట్రం న్యూ సౌత్ వేల్స్‌లో 1993 లోకల్ గవర్నమెంట్ యాక్ట్, 68వ సెక్షన్ ప్రకారం, ప్రజల వాడకానికి కౌన్సిల్ ఉంచిన కమ్యూనిటీ ల్యాండ్‌లో వ్యాపారం చేయాలంటే కౌన్సిల్ అనుమతి ఉండాలి. చిన్న గుంపుకి మినహాయింపు ఉందంటే అది కౌన్సిల్ నిబంధనల్లో రాసి ఉండాలి, మనం అనుకుంటే చాలదు. "స్నేహితులం, ఊరికే కలిశాం" అంటే ఎవరూ నమ్మరు. వాట్సాప్ గ్రూపులో క్లాసు రేటు ఉంటుంది, పేఐడీలో (ఫోన్ నంబరుతో బ్యాంకుకి పంపే పద్ధతి) వచ్చిన డబ్బులు ఉంటాయి. పార్కులు తనిఖీ చేసే కౌన్సిల్ ఉద్యోగి, అదే రేంజర్, వేసే జరిమానా నాకు పెద్ద భయం కాదు, కట్టేస్తే పోతుంది. గడ్డిలో దాగిన గుంటలో ఒకామె మడమ మెలిపడి కింద పడిందనుకో. ఇన్సూరెన్స్ వాళ్లు మొట్టమొదట అడిగేది అక్కడ క్లాసు పెట్టడానికి అనుమతి ఉందా అనే. లేదంటే క్లెయిమ్ తోసేయడానికి వాళ్లకి దారి దొరుకుతుంది. అప్పుడు ఆ ఆస్పత్రి ఖర్చులు, లాయరు నోటీసు నీ ఒక్కదాని మీదే పడతాయి. పర్మిట్ చేతికొచ్చేదాకా పైసా పుచ్చుకోకు, ఈ ఒక్క మాట నాకోసం విను.

పర్మిట్‌కి దరఖాస్తు పెట్టేముందు ఆ నేల ఎవరిదో కనుక్కో. వెంట్‌వర్త్‌విల్ చుట్టుపక్కల పార్కులు చాలావరకు కంబర్లాండ్ కౌన్సిల్‌వి. పక్కనే ఉన్న పారమట్టా పార్కు ఏ కౌన్సిల్‌దీ కాదు, దాన్ని రాష్ట్ర ప్రభుత్వ సంస్థ గ్రేటర్ సిడ్నీ పార్క్‌లాండ్స్ చూస్తుంది. ఒకరి పర్మిట్ ఇంకొకరి దగ్గర పనికిరాదు. బడి మైదానమైతే అనుమతి బడినే అడగాలి. స్పీకరు పెట్టాలన్నా ఆ 68వ సెక్షన్లోనే దానికి విడిగా అనుమతి ఉంది. పొద్దున్నే ఇళ్ల పక్కన పాటలెందుకు, అసలు స్పీకరే వద్దు. పర్మిట్ ఉన్నంత మాత్రాన ఆ చోటు నీదైపోదు కూడా. క్రికెట్ వాళ్లు బుక్ చేసుకుంటే నువ్వే జరగాలి.

పర్మిట్‌కి ఫీజు ఎందుకని విసుక్కుంటావేమో. రోజూ ఒకేచోట ఇరవై కాళ్లు గెంతితే మట్టి గట్టిపడి, నీరు ఇంకక, గడ్డి చచ్చిపోతుంది. దాన్ని మళ్లీ వేసేది అందరి పన్నుతో. సంపాదించేవాళ్లు కొంత ఇవ్వడం న్యాయమే. నువ్వు మాత్రం వారంవారం చోటు మార్చు. వేలాడుతూ వ్యాయామం చేసే సస్పెన్షన్ పట్టీలు చెట్లకి కట్టకు, బెరడు ఊడుతుంది.

రేటు కట్టేటప్పుడు జాగ్రత్త. ఆరు నెలల ఫీజు 600 డాలర్లనుకుందాం. వారానికి రెండు క్లాసులంటే 52, కానీ వాన, ఎండ, పండగలు పోను 40 అనుకో. క్లాసుకి 15 డాలర్లు, ఆరుగురు వస్తే మనిషికి రెండున్నర. 52తో భాగించి రేటు పెడితే చలికాలంలో చేతిడబ్బు పోతుంది. ఏప్రిల్ మొదటి ఆదివారం ఇక్కడ గడియారాలు గంట వెనక్కి జరిగాక సాయంత్రం క్లాసు పెట్టినా వెలుతురుండదు, దాన్నీ లెక్కలో వేసుకో. ఫీజు మరీ ఎక్కువనిపిస్తే ఊరుకోకు. జూలైలో అమలయ్యే కొత్త ఫీజుల ముసాయిదాని కౌన్సిల్ కనీసం 28 రోజులు ప్రజల ముందు పెట్టాలి. ఆ గడువులోనే రాతపూర్వకంగా అడుగు: తక్కువమందితో చేసేవాళ్లకి విడి రేటు పెట్టమని, వానకి మైదానం మూస్తే ఆ రోజులు పర్మిట్ గడువుకి కలపమని.

చేరేవాళ్లందరి చేతా వాళ్ల జబ్బులూ మందులూ అడిగే ప్రీ-ఎక్సర్‌సైజ్ స్క్రీనింగ్ ఫారం నింపించు. మనవాళ్లు షుగరు సంగతి చెప్పరు, పైగా పొద్దున్నే ఏమీ తినకుండా వస్తారు. గ్లిమిపిరైడ్ అనే షుగరు మాత్ర గానీ ఇన్సులిన్ గానీ వాడేవాళ్లకి చక్కెర పడిపోవచ్చు. 15 గ్రాముల గ్లూకోజ్ ఎప్పుడూ సంచిలో ఉంచు. చెప్పులతో వస్తే మొహమాటపడకు, ఆ రోజుకి కూర్చోబెట్టు.

దరఖాస్తు నింపాక పంపు, ఒకసారి చూస్తాను. మార్చిలో మీ అమ్మ వస్తుందిట, నేనే క్లాసుకి తీసుకొస్తా. దానికి బీపీ ఉంది, అడిగితే లేదంటుంది. ఫారం నువ్వే దగ్గరుండి నింపించు.

మీ మావయ్య