రొయ్యల చెరువు బోర్డూ, ఆగని టైమరూ

ప్రశ్న: సార్, మాది ఆకివీడు దగ్గర. నాన్నగారి రొయ్యల చెరువులో ఆక్సిజన్ చూసి ఏరియేటర్లు ఆన్ చేయడానికి చిన్న లైనక్స్ బోర్డు మీద సీ భాషలో డ్రైవర్ రాశాను. టైమర్ వర్క్‌క్యూకి (పనుల్ని కాస్త తర్వాత నడిపే కెర్నల్ వరుసకి) పని అప్పగిస్తుంది, ఆ పని ఐ2సీ (చిప్పుల్ని కలిపే రెండు తీగల లైను) మీదున్న సెన్సర్ చదివి టైమర్‌ని మళ్లీ పెడుతుంది. ఆ డ్రైవర్ మాడ్యూల్ తీసేటప్పుడు ఒక్కోసారి కెర్నల్ ప్యానిక్ వస్తోంది, అంటే సిస్టమ్ మొత్తం ఆగిపోతోంది. టైమర్_డిలీట్ పిలిచాకే మెమరీ ఫ్రీ చేస్తున్నాను కదా! రస్ట్ భాషలో రాస్తే ఈ టెన్షన్ పోతుందా?
– ఓ ఇంజనీరింగ్ విద్యార్థి

జవాబు: సెన్సర్ చదవడాన్ని వర్క్‌క్యూకి ఇచ్చారు చూడండి, అది చాలా మంచి పని. టైమర్ కాల్‌బ్యాక్ (గడువు తీరగానే కెర్నల్ పిలిచే ఫంక్షన్) సాఫ్ట్ఐఆర్‌క్యూ అనే ఇంటరప్ట్ సందర్భంలో నడుస్తుంది, అక్కడ నిద్రపోకూడదు, అంటే దేనికోసమూ ఆగి ఎదురుచూడకూడదు, ఐ2సీ చదవడమేమో నిద్రపోవచ్చు.

చిక్కంతా ఆపడంలో ఉంది. టైమర్_డిలీట్ వరుసలో ఉన్న టైమర్‌ని తీసేస్తుంది, అంతే. ఆ క్షణంలో కాల్‌బ్యాక్ ఇంకో సీపీయూ మీద నడుస్తుంటే అది నడుస్తూనే ఉంటుంది, ఇక్కడ మీరు మెమరీ ఫ్రీ చేసేస్తారు, మాడ్యూల్ కోడ్ కూడా పోతుంది. పోనీ టైమర్_డిలీట్_సింక్ వాడితే? అది కాల్‌బ్యాక్ అయ్యేదాకా ఆగుతుంది గానీ, మీ వర్క్ ఆ తర్వాత లేచి టైమర్‌ని మళ్లీ పెట్టేస్తుంది. సరిగ్గా ఇలాంటి చోట కోసమే 6.2 కెర్నల్‌లో టైమర్_షట్‌డౌన్_సింక్ వచ్చింది. అది పిలిచాక ఎవరు మాడ్_టైమర్ (టైమర్‌ని మళ్లీ పెట్టే ఫంక్షన్) అన్నా టైమర్ మళ్లీ మొదలవదు. కాబట్టి ముందు అది, తర్వాత వర్క్‌ని ఆపే క్యాన్సిల్_వర్క్_సింక్, ఆఖర్న మెమరీ వదిలే కేఫ్రీ. ఒక జాగ్రత్త: కాల్‌బ్యాక్ తీసుకునే స్పిన్‌లాక్‌ని (ఒకసారికి ఒక్కరే పట్టుకోగల తాళాన్ని) మీరు పట్టుకుని ఉండగా షట్‌డౌన్ పిలవద్దు, ఇద్దరూ ఒకరి కోసం ఒకరు చూస్తూ అలాగే ఉండిపోతారు.

ఇక రస్ట్. 6.15 నుంచి కెర్నల్‌లో హై రిజల్యూషన్ టైమర్లకి రస్ట్ తొడుగు ఉంది. టైమర్ స్టార్ట్ చేస్తే మీ చేతికి ఒక హ్యాండిల్ వస్తుంది, ఆ హ్యాండిల్ డ్రాప్ అయినప్పుడు (వాడకం అయిపోయి రస్ట్ దాన్ని తీసేసినప్పుడు) టైమర్ దానంతటదే క్యాన్సిల్ అవుతుంది, నడుస్తున్న కాల్‌బ్యాక్ పూర్తయ్యేదాకా ఆగుతుంది కూడా. వరుసలో ఉన్న టైమర్‌ని దాని చిరునామాతోనే కెర్నల్ గుర్తుపెట్టుకుంటుంది, చోటు మారితే గల్లంతే, అందుకే దాన్ని చోటు కదలకుండా కట్టేసే పిన్ అనేది తప్పనిసరి చేశారు. అంటే మీరు ఇప్పుడు చేస్తున్న తప్పు మరిచిపోయి చేద్దామన్నా కుదరదు. నాకైతే కెర్నల్‌లో రస్ట్ రావడానికి ఇదొక్కటే చాలినంత కారణం. కానీ లాకుల డెడ్‌లాక్‌ని కంపైలర్ ఆపలేదు, అది మీరే చూసుకోవాలి.

ముందు సీ కోడే సరిచేయండి, రస్ట్ తర్వాత. కేఏసాన్ (మెమరీ తప్పుల్ని పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేసిన కెర్నల్‌ని ల్యాప్‌టాప్‌లో వర్చువల్ మెషీన్ మీద పెట్టి, టైమర్ గడువు బాగా తగ్గించి, మాడ్యూల్‌ని పెడుతూ తీస్తూ ఒక లూప్ తిప్పండి. తప్పు మిగిలుంటే ఏ లైను ఫ్రీ అయిన మెమరీని ముట్టుకుందో లాగ్‌లో కనిపిస్తుంది. చెరువు దగ్గర మాత్రం టెస్టింగ్ వద్దు. తెల్లవారుజామున ఆక్సిజన్ పడిపోయే వేళ ఏరియేటర్ ఆగితే పంటే పోతుంది, అందుకని బోర్డు ఎంత బాగా పనిచేసినా నాన్నగారి చేతి స్విచ్ తీసేయకండి.