గేటు దాకా వెళ్లి వెనక్కొచ్చేస్తున్నాను

ప్రశ్న: నా వయసు 42. పదిహేనేళ్లుగా తాగుతున్నాను. ఇప్పుడు రోజూ సాయంత్రమయ్యేసరికి చేతులు వణుకుతాయి, తాగితేనే కుదురుకుంటాయి. మా ఆవిడ పోరు పడలేక దగ్గర్లో ఏఏ (ఆల్కహాలిక్స్ అనానిమస్, తాగుడు మానాలనుకునేవాళ్ల బృందం) మీటింగ్ ఎక్కడ జరుగుతుందో కనుక్కున్నాను. రెండుసార్లు గేటు దాకా వెళ్లి, ఫోన్ వచ్చినట్టు నటిస్తూ వెనక్కొచ్చేశాను. తెలిసినవాళ్లు కనబడితే? లేచి మాట్లాడమంటే? పైగా నాకు దేవుడి మీద నమ్మకం లేదు. మా ఆవిడేమో తానూ వస్తానంటోంది. ఏం చేయమంటారు?

జవాబు: ఆ ఫోన్ నాటకం గురించి తర్వాత మాట్లాడుకుందాం. ముందు చేతుల సంగతి. వణుకు వస్తోందంటే మీ ఒళ్లు మద్యానికి అలవాటు పడిపోయిందని అర్థం. ఈ స్థితిలో పౌరుషానికి పోయి రాత్రికి రాత్రే మానేయకండి. మానేసిన మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. ఆ తర్వాత కొందరికి మతి చెదిరి, లేనివి కనబడతాయి. అది ప్రాణం మీదికి తెచ్చే పరిస్థితి. అందుకే మొదట డాక్టర్‌ను కలవండి. రోజుకు ఎంత తాగుతున్నారో ఉన్నదున్నట్టు చెప్పండి. సగానికి సగం తగ్గించి చెప్పడం తాగేవాళ్లకు అలవాటే గానీ, చికిత్స ఎలా చేయాలో ఆయన తేల్చుకునేది మీరు చెప్పిన లెక్కను బట్టే.

మరి పూర్తిగా మానేదాకా మీటింగ్‌కు వెళ్లకూడదా? వెళ్లొచ్చు. ఆల్కహాలిక్స్ అనానిమస్‌లో చేరడానికి ఉన్న షరతు ఒక్కటే, తాగుడు మానాలన్న కోరిక. ఫీజు లేదు. మధ్యలో ఖర్చుల కోసం సంచో డబ్బానో తిప్పుతారు, కొత్తవాళ్లు అందులో ఏమీ వేయకపోయినా ఎవరూ ఏమీ అనుకోరు.

తెలిసినవాళ్లు కనబడతారన్న భయం ఉత్తదేమీ కాదు. కనబడితే కనబడొచ్చు. కాకపోతే వాళ్లూ మీ కోసం కాదు, తమ తాగుడు కోసమే వచ్చి ఉంటారు. అక్కడ విన్నది, చూసినవాళ్ల పేర్లు బయట చెప్పకూడదన్నది ఏఏ కట్టుబాటు. చాలామంది నిలబెట్టుకుంటారు. అయినా అది మాట మీద నడిచే కట్టుబాటే, నేను హామీ ఇవ్వలేను. అంత టెన్షన్‌గా ఉంటే మొదట్లో మీ ఇంటికి దూరంగా జరిగే మీటింగ్‌కు వెళ్లండి, లేదా ఆన్‌లైన్ మీటింగ్‌తో మొదలుపెట్టండి.

ఇక మాట్లాడటం. మీ వంతు వస్తే ‘ఈరోజు వింటాను’ అంటే చాలు. మిగతావాళ్లు ఒకరి తర్వాత ఒకరు ‘నేను ఆల్కహాలిక్‌ని’ అంటూ తమ సంగతి చెప్పుకుంటారు. సాధారణంగా ఎవరూ మధ్యలో అడ్డు తగలరు, సలహా ఇవ్వరు. సలహాలిచ్చి బతికే నాకే ఆ పద్ధతి చూస్తే కాస్త అసూయ. ఒక చిట్కా చెప్తాను. ఓ పది నిమిషాలు ముందే వెళ్లి కుర్చీలు వేయడానికి సాయం పట్టండి. చేతులకు పని దొరుకుతుంది, నలుగురి కళ్ల ముందు ఆలస్యంగా లోపలికి నడవాల్సిన బాధ తప్పుతుంది.

దేవుడి ప్రస్తావన మాత్రం ఉంటుంది. తాగుడు నుంచి బయటపడటానికి ఏఏ చెప్పే పన్నెండు మెట్లలో కొన్నింట్లో ఆ మాట ఉంది, ‘మాకు అర్థమైన రీతిలో’ అన్న వెసులుబాటుతో. నమ్మనివాళ్లు ఆ గుంపునే తమకంటే పెద్ద శక్తిగా అనుకుని నడుస్తుంటారు. చివర్లో ప్రార్థన చేస్తే మౌనంగా నిలబడండి. నాలుగైదు మీటింగులు చూశాక కూడా మింగుడు పడకపోతే స్మార్ట్ రికవరీ అని 1994లో మొదలైన మరో పద్ధతి ఉంది, అందులో దేవుడి ఊసు ఉండదు. అయితే ఒక్క మీటింగ్ చూసి తీర్పు ఇచ్చేయకండి. ఒక గ్రూపుకూ ఇంకో గ్రూపుకూ పోలికే ఉండదు. ‘వీళ్లతో ఏమవుతుందిలే’ అనిపిస్తే ఇది గుర్తుపెట్టుకోండి: 2020లో, వైద్య పరిశోధనలను బేరీజు వేసే కాక్రేన్ సంస్థ సమీక్ష 27 అధ్యయనాలను పరిశీలించి, పూర్తిగా మానేసి ఉండటం విషయంలో ఏఏ బాట పట్టించే చికిత్సలు మిగతా చికిత్సలకు తీసిపోవనీ, చాలాసార్లు మెరుగేననీ తేల్చింది.

మీ ఆవిడను ఓపెన్ మీటింగ్‌కు తీసుకెళ్లొచ్చు. క్లోజ్డ్ మీటింగ్ తాగుడు సమస్య ఉన్నవాళ్లకు మాత్రమే. కానీ ఆవిడ మీకు కాపలాగా రావడం కన్నా, తాగేవాళ్ల కుటుంబాల కోసం 1951లో మొదలైన అల్-అనాన్‌కు తన కోసం తాను వెళ్లడం మంచిదని నా అభిప్రాయం. పదిహేనేళ్లు ఆవిడ కూడా పడ్డారు కదా.

ఇప్పుడు ఆ ఫోన్. 1935లో అమెరికాలోని ఏక్రన్ ఊళ్లో, తాగుడు మానేసి కొన్ని నెలలే అయిన బిల్ అనే ఆయన వ్యాపారం బెడిసికొట్టి హోటల్ లాబీలో ఒంటరిగా నిలబడ్డాడు. ఒక పక్క నుంచి బార్ సందడి లాగుతోంది. ఆయన ఫోన్ దగ్గరికి వెళ్లి, మాట్లాడటానికి మరో తాగుబోతు ఎవరైనా దొరుకుతారా అని వరుసగా నంబర్లు తిప్పాడు. అలా కలిసినవాడే డాక్టర్ బాబ్. ఏఏ మొదలైంది ఆ ఇద్దరితోనే.

మీరూ ఈసారి నటించకండి, నిజంగానే ఫోన్ చేయండి. ఏఏ వెబ్‌సైట్‌లో మీ ప్రాంతపు నంబర్ వెతికి, ‘మొదటిసారి వస్తున్నాను, గేటు దగ్గరికి ఎవరైనా వస్తారా?’ అని అడగండి. ఇలాంటి ఫోన్లు వాళ్లకు కొత్తకాదు. పేరు అడిగితే చెప్పండి. ఇంటిపేరు అక్కర్లేదు.