మండుటెండలో ఫ్లాష్ ఎందుకంటే

మిట్టమధ్యాహ్నం ఫోటోకు ఫ్లాష్ వేయడం పట్టపగలు దివిటీ పట్టినట్టు కాదా అని ఒకరు అడిగారు. నేనూ అలాగే అనుకునేవాణ్ణి. నల్లగొండ దగ్గర ఒక పెళ్ళిలో ఆ భ్రమ వదిలింది.

మే మొదటి వారం. తలంబ్రాలయ్యాక బంధువులు వధూవరులను పందిరి బయటికి తెచ్చి, ఇక్కడైతే వెలుతురు బాగుందని నిలబెట్టారు. నల్లగొండ 17 డిగ్రీల అక్షాంశం మీద ఉంది కాబట్టి ఆ రోజుల్లో మధ్యాహ్నం సూర్యుడు దాదాపు నడినెత్తినే ఉంటాడు. మన నీడ మన కాళ్ళ కిందే. కనుబొమల నీడ కళ్ళ మీద, ముక్కు నీడ పెదవి మీద పడుతుంది. ఎండలో కెమెరా తెర మీద నాకేమీ తెలియలేదు. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో చూస్తే బాసికం కింద పెళ్ళికూతురికి కళ్ళున్న చోట రెండు నల్లటి గుంటలు! ఫోటో చూసిన వాళ్ళ నాయనమ్మ, "పిల్లకు ఒంట్లో బాగాలేదా నాయనా?" అంది.

ఫ్లాష్ పని ఎండతో పోటీపడటం కాదు, ఆ గుంటల్లోకి కాస్త వెలుగు పంపడం. చిక్కంతా షట్టర్ దగ్గరే, అంటే కెమెరాలోకి వెలుగు ఎంతసేపు రావాలో తేల్చే తెర దగ్గర. నా కెమెరాలో ఫ్లాష్‌తో 1/200 సెకను కంటే వేగంగా తీస్తే ఫోటోలో ఒక పక్క నల్లటి పట్టీ వస్తుంది. ఐఎస్ఓ (వెలుగుకు కెమెరా స్పందించే స్థాయి) 100, షట్టర్ 1/200 అంటే నిండు ఎండలో ఎపర్చర్, అంటే లెన్స్ లోపలి రంధ్రం, ఎఫ్ 11 దాకా మూయాలి (ఎఫ్ అంకె పెరిగేకొద్దీ రంధ్రం చిన్నది). ఫ్లాష్ బలాన్ని చెప్పే గైడ్ నంబర్ 12 ఉన్న కెమెరా సొంత ఫ్లాష్ అప్పుడు ఒక మీటరు దాటి పనిచేయదు. 60 ఉన్న విడి ఫ్లాష్ అయితే అయిదు మీటర్ల దాకా అందుతుంది. దాన్ని ఆటో మోడ్‌లో పెట్టి వెలుగు ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గిస్తాను. లేకపోతే పెళ్ళికొడుకు తెల్ల పంచె సున్నం కొట్టిన గోడలా వస్తుంది.

వెనక భాగం మసకగా కావాలంటే ఎపర్చర్ బాగా తెరవాలి, షట్టర్ వేగం పెంచాలి. అంత వేగంలోనూ ఫ్లాష్ పనిచేయడానికి హైస్పీడ్ సింక్ అనే పద్ధతి ఉంది. ఎఫ్ 4, 1/1600 పెట్టుకోవచ్చు. కానీ ఫ్లాష్ బలం బాగా పడిపోతుంది, దగ్గరికి వెళ్ళక తప్పదు. నాకది పెద్దగా నచ్చదు.

నాలుగు దాటాక అయితే జంటను సూర్యుడికి వీపు పెట్టి నిలబెట్టి ఇలాగే ఫ్లాష్ వేయండి. కళ్ళు చికిలించరు, జుట్టు అంచున వెలుగూ వస్తుంది.

కెమెరా సొంత ఫ్లాష్ వాడితే లెన్స్ హుడ్ తీసేయండి. లేకపోతే ఫోటో అడుగున అర్ధచంద్రాకారంలో నీడ పడుతుంది. అది ఇంకో పెళ్ళిలో నేర్చుకున్నాను.