కొండ వెనక సిగ్నల్ లెక్క కడితే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మాది మందస మండలంలో కొండ కింద ఊరు. ఫోన్ మాట్లాడాలంటే ఇప్పటికీ చెరువు గట్టు ఎక్కుతాం. అమ్మాయి ఈసీఈ మూడో సంవత్సరం. సాఫ్ట్‌వేర్ కోచింగ్‌కి వెళ్లమంటే, కొండల్లో సిగ్నల్ ఎక్కడిదాకా అందుతుందో ముందే లెక్క కట్టే పని నేర్చుకుంటానంటోంది. దాంతో బతుకు గడుస్తుందా సార్?
– ఒక తండ్రి, శ్రీకాకుళం జిల్లా

జవాబు: గడుస్తుందండీ. కాకపోతే ఈ పని పేరు కోచింగ్ సెంటర్ల బోర్డుల మీద కనిపించదు. కంపెనీల్లో దీన్ని ఆర్‌ఎఫ్ (రేడియో ఫ్రీక్వెన్సీ) ప్లానింగ్ అంటారు. టవరు ఎక్కడ వెయ్యాలి, ఎంత ఎత్తు, యాంటెన్నా ఎటు తిప్పాలి, ఇవన్నీ పునాది తవ్వకముందే తేల్చాలి.

మీ గట్టు సంగతే చూడండి. టవరుకీ ఊరికీ మధ్య కొండ ఉన్నా, తరంగం దాని అంచు దగ్గర కాస్త వంగి ఇవతలికి దిగుతుంది. టవరు నుంచి గీసిన గీత అంచును సరిగ్గా రాసుకుంటూ పోయేచోట సిగ్నల్ 6 డెసిబెల్స్ పడుతుంది, అంటే పావు వంతే మిగులుతుంది. కిందికి దిగినకొద్దీ ఇంకా పోతుంది. అందుకే నాలుగు మీటర్ల గట్టు కూడా ఒక్కోసారి పనికొస్తుంది. టవరు కళ్లకి కనిపించినా చాలదు సుమా: 10 కిలోమీటర్ల దూరంలో, 900 మెగాహెర్ట్జ్ తరంగానికి, దారి మధ్యలో గీత కింద దాదాపు 17 మీటర్లయినా ఖాళీ ఉండాలి.

ఈ లెక్కలకి 1968లో అమెరికాలో అనితా లాంగ్లీ, ఫిల్ రైస్ తయారుచేసిన పద్ధతి ఇప్పటికీ నడుస్తోంది. 2000లో అమెరికా అంతరిక్ష నౌక ఎండెవర్ కొలిచిన నేల ఎత్తులు ఉచితంగా దొరుకుతాయి. ఈ లెక్కలు కట్టే స్ప్లాట్, రేడియో మొబైల్ సాఫ్ట్‌వేర్లూ ఉచితమే. కాబట్టి వేలకు వేలు ఫీజు కట్టి ఏ సర్టిఫికెట్టూ కొనకండి.

అమ్మాయిని మీ ఊరికే లెక్క కట్టమనండి. తర్వాత గట్టు, బడి, రామాలయం, జీడితోట, ఒక్కోచోటా ఫోన్‌లో సిగ్నల్ బలం చూపే డీబీఎం అంకె రాసుకోమనండి. ఆ అంకె టవరు మొత్తం పవర్‌ది కాదు, అందులో కొలత కోసం పంపే రిఫరెన్స్ సిగ్నల్‌ది. సవరించాకే పోల్చాలి. తోటలో లెక్క తప్పుతుంది చూడండి, ఆ పద్ధతికి నేల ఎత్తు తెలుసు గానీ జీడిచెట్లు తెలియవు. ఎంత తప్పింది, ఎందుకు తప్పింది అని రాసిన నాలుగు పేజీలకి నేనైతే మార్కుల కన్నా ఎక్కువ విలువిస్తాను.

ఒక చేదు మాట. మొదటి ఉద్యోగం చాలామందికి డ్రైవ్ టెస్ట్, అంటే తిరుగుతూ సిగ్నల్ కొలవడం: కాంట్రాక్టర్ కింద, కారులో ల్యాప్‌టాప్, నాలుగు ఫోన్లు, రోజంతా రోడ్డు మీదే. జీతం తక్కువ. ఏడాది, రెండేళ్లలో అక్కణ్ణుంచి ప్లానింగ్‌కి మారకపోతే అక్కడే ఉండిపోతారు. మారాలంటే పైథాన్ ప్రోగ్రామింగ్, డిజిటల్ మ్యాపుల పని వచ్చి ఉండాలి. అంటే మీ కోచింగ్ ఆలోచన పూర్తిగా తప్పేం కాదు, పైథాన్ వరకు చేర్పించండి. గేట్ రాసి కమ్యూనికేషన్స్‌లో ఎంటెక్ చేస్తే రక్షణ పరిశోధన వైపూ దారి ఉంది; హైదరాబాద్‌లోని రక్షణ ఎలక్ట్రానిక్స్ పరిశోధనశాల డీఎల్‌ఆర్‌ఎల్‌లో నడిచేదీ రేడియో, రాడార్ సిగ్నళ్ల పనే. రైళ్లు ఢీకొనకుండా ఆపే రైల్వే కవచ్ కూడా రేడియో మీదే నడుస్తుంది, దాని టవర్లకీ ఈ సర్వే కావాలి.

సంక్రాంతికి పిల్ల ఇంటికొచ్చి రీడింగులు తీసేటప్పుడు మీరూ వెంట వెళ్లండి. ఏ కళ్లం దగ్గర కాల్ కట్ అవుతుందో మీకే బాగా తెలుసు.