సామాను గది ప్రశ్నలు: కత్తిని రేకు డబ్బా మీద కాదు, పుల్ల మీద పరీక్షించండి

పదహారేళ్లు ట్రెక్కింగ్ శిబిరాల్లో సామాను గది చూసుకున్నాను. వెళ్లేటప్పుడు తళతళలాడుతూ వెళ్లి, వచ్చేటప్పుడు విరిగో వంగో తుప్పు పట్టో వచ్చిన వస్తువులే నాకు పాఠాలు చెప్పాయి. ఈ నెల ఉత్తరాల్లో ఎక్కువ భాగం కత్తుల గురించే ఉన్నాయి. ముందు వాటి సంగతి చూద్దాం.

ప్రశ్న: మేడమ్, మొదటిసారి స్నేహితులతో కలిసి నాలుగు రోజులు అడవిలో టెంటు వేసుకుని ఉండబోతున్నాం. ఆన్‌లైన్‌లో ఒక సర్వైవల్ కత్తి బాగా నచ్చింది. పది అంగుళాల బ్లేడు, వెన్ను మీద రంపపు పళ్లు, బోలు పిడి లోపల గాలం, అగ్గిపుల్లలు, పిడి మూతలో దిక్సూచి. అన్నీ ఒక్కదాంట్లోనే వస్తున్నాయి కదా, కొనొచ్చా?

జవాబు: వద్దు. ఇలాంటివి మా గదికి మూడు వచ్చాయి. మూడూ ఒకే చోట విరిగాయి, బ్లేడు పిడిని కలిసే చోట. బ్లేడు వెనక తోకలా సాగి పిడిలోకి వెళ్లే ఉక్కును టాంగ్ అంటారు. అది పిడి ఆకారంలోనే చివరిదాకా ఉంటే ఫుల్ టాంగ్. పిడి బోలుగా ఉందంటే అక్కడ ఆ ఉక్కు ఉండాల్సినంత లేదనే అర్థం. చాలా వాటిలో అది గోరంత ఉండి, ఒక నట్టు మీదో కాస్త జిగురు మీదో నిలబడుతుంది. పుల్ల చీల్చడానికి వెన్ను మీద నాలుగు దెబ్బలు వేయగానే బ్లేడు ఒకవైపు, పిడి ఒకవైపు.

ఇక ఆ దిక్సూచి. ఉక్కును ఆనుకుని ఉన్న దిక్సూచి సూదిని ఎలా నమ్ముతారు? అది ఉత్తరాన్ని వదిలేసి కత్తి వైపు లాగుతుంది. రంపపు పళ్లు కూడా అలంకారమే. కొమ్మలోకి కాస్త దిగగానే వెనకున్న లావు బ్లేడు ఇరుక్కుపోతుంది. పైగా దెబ్బ వేయడానికి, నిప్పురవ్వలు గీయడానికి పనికొచ్చే వెన్నును అవే తినేస్తాయి. కొమ్మలు కోసే పని ఉంటే చిన్న మడత రంపం విడిగా పెట్టుకోండి.

అడవిలో నాలుగు రోజులుంటే కత్తితో చేసే పనులేంటో ఒకసారి అనుకోండి. తాడు కోయడం, మేకులు చెక్కడం, నిప్పుకు చితుకులు సిద్ధం చేయడం, ప్యాకెట్లు చించడం. వీటికి పది సెంటీమీటర్ల బ్లేడు చాలు. స్వీడన్‌లోని మోరా పట్టణం పేరుతో వచ్చే కత్తుల చరిత్ర 1891 నుంచి మొదలవుతుంది. వాటిలో కంపానియన్ అనే మామూలు రకానికి బ్లేడు పది సెంటీమీటర్ల పైచిలుకు, మందం 2.5 మిల్లీమీటర్లు. దాని టాంగ్ పిడి చివరిదాకా కూడా రాదు. అయినా మా గదిలో ఎక్కువ కాలం నిలిచినవి అవే. చిన్నదిగా కనిపిస్తుంది కాబట్టి దాన్ని గొడ్డలిలా వాడాలని ఎవరికీ బుద్ధి పుట్టలేదు, అంతే రహస్యం. పుల్లలు చీల్చే పని తప్పదనుకుంటే మాత్రం మూడు, నాలుగు మిల్లీమీటర్ల మందం ఉన్న ఫుల్ టాంగ్ కత్తి తీసుకోండి.

పిడి మాత్రం మీ చేతికే సరిపోవాలి. నా చెయ్యి చిన్నది. వేళ్లకు గుంటలు చెక్కిన పిడి పట్టుకుంటే నా చూపుడు వేలు ఒక గుంటలో, మధ్యవేలు గట్టు మీద ఉంటాయి. అందుకే నునుపైన, కోడిగుడ్డులా కాస్త కోలగా ఉండే పిడినే ఎంచుకుంటాను.

ప్రశ్న: స్టెయిన్‌లెస్ అని చెప్పి అమ్మారు. ఇంటికొచ్చి అయస్కాంతం పెడితే టక్కున అతుక్కుంది. మోసపోయానా?

జవాబు: లేదు, అతుక్కోకపోతేనే కంగారు పడాలి. వంటింటి సింకు, గిన్నెలు చేసే స్టెయిన్‌లెస్‌లో నికెల్ కలుస్తుంది. దానికి అయస్కాంతం సరిగా అంటదు, దాన్ని కాల్చి గట్టిపరచడమూ కుదరదు. కత్తుల స్టెయిన్‌లెస్ వేరు. కాల్చి, చల్లార్చి గట్టిపరచగల రకం కాబట్టి అయస్కాంతానికి అంటుతుంది. ఉదాహరణకు 12సి27 అనే ఉక్కులో కార్బన్ సుమారు 0.6 శాతం, క్రోమియం 13.5 శాతం. తుప్పును ఆపేది ఆ క్రోమియమే. 1095 లాంటి కార్బన్ ఉక్కులో కార్బన్ ఒక శాతానికి దగ్గర, క్రోమియం దాదాపు ఉండదు. అందుకే సానరాయి మీద చక్కగా పదునెక్కుతుంది, తడి తగిలితే రాత్రికి రాత్రే తుప్పు పడుతుంది. తుడవడానికి బద్ధకించేవాళ్లు స్టెయిన్‌లెస్ తీసుకోవడమే మేలు. నేను స్టెయిన్‌లెస్సే వాడతాను.

ప్రశ్న: వీడియోల్లో కత్తిని ఇనప డ్రమ్ములో పొడిచి, కాంక్రీటు మీద కొట్టి పరీక్షిస్తున్నారు. కొత్తగా కొన్న కత్తిని ఇంట్లో ఎలా పరీక్షించాలి?

జవాబు: అడవిలో మీకు ఇనప డ్రమ్ముతో పనేముంది? చేయబోయే పనితోనే పరీక్షించండి. మా గదిలోకి కొత్త కత్తి వస్తే నేనేం చేసేదాన్నో చెబుతాను.

ముందు దీపం కిందికి తీసుకెళ్లి, అంచు పైకి ఉండేలా పట్టుకుని, పిడి నుంచి మొనదాకా నెమ్మదిగా చూస్తాను. పదునుగా ఉన్న అంచు మీద వెలుగు నిలవదు. ఎక్కడైనా చుక్కలా మెరిసిందంటే అక్కడ మొద్దుబారిందనో, చిన్న పెచ్చు ఊడిందనో అర్థం. తర్వాత ఒక కాగితాన్ని గాల్లో పట్టుకుని పైనుంచి కోస్తాను. మెరిసిన చోటుకి రాగానే కాగితం చిరుగుతుంది.

ఆ తర్వాతే అసలు పరీక్ష. బొటనవేలు లావున్న ఎండుపుల్ల తీసుకుని, పొరలు పొరలుగా పువ్వులా విడిచేలా చెక్కడం. పొరలు పుల్లకే వేలాడుతూ ఉంగరాలు తిరగాలి, తెగి పడకూడదు. ఇలా ఐదు నిమిషాలు కాదు, అరగంట చెక్కండి. పదో నిమిషం దాకా ప్రతి కత్తీ మంచిదే. పదిహేనో నిమిషంలో పిడి మీది గట్టు ఏదో అరచేతిలో గుచ్చుకోవడం మొదలవుతుంది, ఇరవయ్యో నిమిషానికి చూపుడు వేలి మొదట్లో ఎర్రబడుతుంది. బొబ్బ ఎక్కడ లేవబోతోందో అక్కడ గరుకు కాగితంతో పిడిని కాస్త నునుపు చేస్తే సరి. ఉక్కే అక్కడ బయటికి పొడుచుకొచ్చి ఉంటే వెనక్కి ఇచ్చేయండి. చెక్కడం అయ్యాక మళ్లీ అదే కాగితం కోయండి. అరగంటకే కోయలేకపోతే ఆ అంచు నిలబడేది కాదు. ఒకసారి మీరే సానబెట్టి మళ్లీ చూడండి. ఫ్యాక్టరీ సాన అంచును వేడెక్కించి పాడుచేసినప్పుడు రెండో పదును బాగుండటం నేను చాలాసార్లు చూశాను.

తర్వాత చేతికి సబ్బు నీళ్లు రాసుకుని పిడి పట్టుకోండి, కోయకండి, ఊరికే పుల్లకు ఆనించి నెట్టండి. చెయ్యి అంచు మీదికి జారుతోందంటే వానలోనూ అదే జరుగుతుంది. ఒరను తలకిందులు చేసి మడత పెట్టిన దుప్పటి మీద గట్టిగా విదిలించండి. కత్తి జారితే ఆ ఒర నడుముకు కట్టుకునేది కాదు.

చీల్చే పరీక్ష చివర్న. ముడులు లేని, మణికట్టు లావు పుల్ల. బ్లేడు మొన పుల్లకు అవతల మూడు నాలుగు వేళ్ల వెడల్పు మేర బయటికి ఉండాలి. దెబ్బ ఇంకో కర్రతోనే, సుత్తితో కాదు. అయ్యాక పిడి కదులుతోందేమో చెవి దగ్గర ఊపి వినండి.

మడత కత్తితో మాత్రం ఇది చేయకండి. నేను చేశాను. కొత్తలో తొందరపడి మడత కత్తి వెన్ను మీద కర్రతో కొట్టాను. మూడో దెబ్బకు బ్లేడును తెరిచి నిలిపే తాళం వదిలేసింది, బ్లేడు మూసుకుని చూపుడు వేలి మీద పడింది. గుడ్డతో పది నిమిషాలు వదలకుండా అదిమి పట్టి కూర్చున్నాను. మధ్యమధ్యలో ఎత్తి చూస్తే రక్తం ఆగదు, ఆ టెన్షన్‌లో చూడకుండా ఉండటమే కష్టం. ఆ వేలు చలికాలంలో ఇప్పటికీ తిమ్మిరెక్కుతుంది.

ఇంకోటి: చెక్కేటప్పుడు పుల్లను రెండు తొడల మధ్య పెట్టుకోవద్దు. తొడ లోపలి వైపు పెద్ద రక్తనాళం పోతుంది. మోకాలి బయటికి పెట్టి చెక్కండి, చేయి చాచితే అందేంత దూరంలో ఎవరూ ఉండకూడదు.

ప్రశ్న: గీస్తే నిప్పురవ్వలు రాల్చే లోహపు కడ్డీ, అదే ఫెర్రో రాడ్ కొన్నాను. ఎంత గీసినా రవ్వ రావడం లేదు. నకిలీదా?

జవాబు: దాని మీదున్న నల్లటి పూత గీకారా? తుప్పు పట్టకుండా వేసే పూత అది. అది పోయి లోపలి బూడిదరంగు లోహం కనబడేదాకా రవ్వ రాదు. అప్పటికీ రాకపోతే కత్తి వెన్ను చూడండి. వెన్ను గుండ్రంగా నునుపు చేసి ఉంటే రాడ్‌ను గీకలేదు, అంచు తొంభై డిగ్రీల మూలగా ఉండాలి. కత్తి కదపకుండా రాడ్‌ను వెనక్కి లాగండి, నిప్పంటించడానికి కింద కూర్చిన దూది చెదరదు. ఫెర్రో లోహాన్ని 1903లో ఆస్ట్రియా రసాయన శాస్త్రవేత్త కార్ల్ ఔవర్ ఫాన్ వెల్స్‌బాఖ్ కనిపెట్టాడు. సిగరెట్ లైటర్లో ఉండే చిన్న రాయి కూడా ఇదే.

ప్రశ్న: నా దగ్గర 550 పారాకార్డ్ అనే సన్నటి నైలాన్ తాడు ఉంది. సుమారు 250 కిలోలు మోస్తుందట. నేను 70 కిలోలే, చిన్న గట్టు దిగడానికి వాడొచ్చా?

జవాబు: వాడొద్దు. ఆ లెక్క కదలకుండా వేలాడే బరువుకి, కొత్త తాడుకి, ముడి లేనప్పుడు. ముడి వేస్తేనే బలం బాగా తగ్గుతుంది. కాలు జారి కాస్త పడి ఆగితే తాడు మీద పడే లాగుడు మీ బరువుకు ఎన్నో రెట్లు. అది టార్పాలిన్ కట్టుకోవడానికి. అసలుదో కాదో చూడాలంటే ఒక కొస కోసి విప్పండి, లోపల విడివిడిగా ఏడు పోగులైనా ఉండాలి. దూది లాంటి గుజ్జు కనిపిస్తే టెంటుకు కూడా కట్టకండి.

ప్రశ్న: గొట్టంలా ఉండే నీళ్ల ఫిల్టర్‌ను చలి శిబిరంలో బ్యాగు బయట కట్టి వదిలేశాను. పొద్దున గడ్డకట్టి ఉంది. కరిగాక నీళ్లు బాగానే వస్తున్నాయి. వాడొచ్చా?

జవాబు: పారేయండి. లోపలుండే సన్నటి గొట్టాల గోడల్లో చుక్క నీరు గడ్డకట్టినా అవి చిట్లిపోతాయి. బయటికి ఏమీ తెలియదు, నీళ్లు ఇంకా వేగంగా కూడా రావచ్చు. చలిలో దాన్ని నిద్రసంచీలో మీ పక్కనే పెట్టుకోవాలి. ఇలాంటి ఫిల్టర్లు బాక్టీరియాను ఆపుతాయి, వైరస్‌లను ఆపవు. అనుమానం ఉన్న నీళ్లను తెర్లేలా మరిగించండి: ఒక నిమిషం చాలు, 2,000 మీటర్లు దాటిన ఎత్తుల్లో మూడు నిమిషాలు.

ప్రశ్న: తోలు ఒరలో దాచిన కత్తికి నూనె రాసినా మచ్చలొస్తున్నాయి.

జవాబు: తోలు తడి పీల్చుకుంటుంది, దాన్ని శుద్ధి చేయడానికి వాడిన ఉప్పులు, ఆమ్లాలు అందులోనే ఉంటాయి. ఒర నడకలో వాడుకోడానికే. ఇంటికి రాగానే కత్తి తీసి, తుడిచి, పల్చగా నూనె రాసి పొడి గుడ్డలో చుట్టి విడిగా పెట్టండి. బూడిద నీలంగా ఉన్న మచ్చలకు భయపడక్కర్లేదు. ఎర్రగా ఉండి వేలికి అంటితే మాత్రం ఇవాళే గీకేయండి.